సైలెన్సరు, ఇంజను మౌంటింగుల మార్పులు

మోటారు వాహనం యొక్క శక్తిని పెంచుటకో, శబ్దాన్ని మార్చుటకో కంపెనీ అమర్చిన పొగగొట్టాన్ని, సైలెన్సరును, ఇంజనును చట్రానికి పట్టి ఉంచే మౌంటింగులను తొలగించి వేరొకటి బిగించడాన్ని సైలెన్సరు, ఇంజను మౌంటింగుల మార్పులు అంటారు. ఈ పద్ధతి అమెరికాలో 1960 దశకంలో వెలువడిన "మజిల్ కారు" అనే పెద్ద ఇంజను కార్లతో ప్రాచుర్యం పొందినది. తెలుగునాట అటువంటి కార్లు బహు స్వల్పం. ఇక్కడ ఈ మార్పులు ఎక్కువగా బుల్లెట్టు వంటి మోటారు సైకిళ్ళలోనూ, కొంతవరకు చిన్న కార్లలోనూ కనిపిస్తాయి. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల మీదుగా పోయే విశాలమైన రహదారుల వలన ఈ విషయానికి స్థానికంగా కూడా ప్రాధాన్యత ఉన్నది. భారతదేశంలో పబ్లిక్ రోడ్డుపై నడిచే వాహనానికి శబ్దం పెంచే సైలెన్సరును అమర్చడం శిక్షార్హమైన నేరం.

నేపథ్యం

మధ్యతరహా కారులో పెద్ద కారుకు వాడే వి-8 ఇంజనును బిగించి, సాధారణ ప్రజలకు అందుబాటు ధరలో అమ్మినవే మజిల్ కార్లు. 1949 నాటి ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88ను వీటికి పూర్వరూపంగా కొందరు పేర్కొంటారు. 1964లో పాంటియాక్ కంపెనీ తెచ్చిన జీటీఓ కారుతో ఈ తరగతి స్థిరపడినది. దాని ఇంజను పరిమాణం 389 ఘనపు అంగుళాలు, అనగా సుమారు 6.4 లీటర్లు. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం, 1973 నాటి చమురు సంక్షోభం, 1975 మోడళ్ళతో వచ్చిన కెటాలిటిక్ కన్వర్టరు ఈ తొలితరం కార్ల శకానికి ముగింపు పలికినవి.

భారతదేశంలో ఈ కోవకు చెందిన కారును అధికారికంగా ప్రవేశపెట్టినది ఫోర్డు కంపెనీ. 2016లో 5 లీటర్ల వి-8 ఇంజనుగల మస్టాంగు కారును ఇక్కడ విడుదల చేసినది. ఆ కంపెనీ 2021లో భారతదేశంలో కార్ల తయారీని నిలిపివేయనున్నట్లు ప్రకటించినది.

తెలుగు ప్రాంతాలలో యువకుల అభిమానానికి పాత్రమైనవి వేరే వాహనాలు. 1955 నుండి మద్రాసులో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు, 1980 దశకంలో వచ్చిన రాజ్‌దూత్ 350, 1985 నుండి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 వీటిలో ముఖ్యమైనవి. మజిల్ కారు అమెరికా యువకునికి ఎటువంటిదో, ఈ మోటారు సైకిళ్ళు ఇక్కడి యువకునికి అటువంటివని చెప్పవచ్చును.

పొగగొట్టం పనిచేయు విధానం

ఇంజనులో ఇంధనం మండిన తరువాత ఎగ్జాస్టు వాల్వు తెరుచుకొనగానే వేడి వాయువు అధిక పీడనంతో గొట్టంలోనికి దూకుతుంది. ఈ దూకుడే శబ్దానికి మూలం. కారులో ఈ వాయువు మార్గంలో ఈ క్రింది భాగాలు ఉంటాయి.

* మానిఫోల్డు: అన్ని సిలిండర్ల వాయువును ఒకచోట చేర్చే పోత ఇనుప భాగం.
* కెటాలిటిక్ కన్వర్టరు: ప్లాటినం, పల్లాడియం, రోడియం పూతగల తేనెపట్టు వంటి దిమ్మ. విషవాయువులైన కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులను, కాలని ఇంధనపు ఆవిరిని తక్కువ హానికరమైన వాయువులుగా మారుస్తుంది.
* ఆక్సిజన్ సెన్సరు: వాయువులో మిగిలిన ఆమ్లజనిని కొలిచి, ఇంధనం ఎంత పంపవలెనో కంప్యూటరుకు తెలియజేస్తుంది.
* సైలెన్సరు: గదుల ద్వారానో, రంధ్రాల గొట్టం చుట్టూ కూర్చిన గాజు ఉన్ని ద్వారానో శబ్దాన్ని అణచివేస్తుంది.

శక్తిని పెంచదలచినవారు మొదట మానిఫోల్డును తీసివేసి, ప్రతి సిలిండరుకు విడిగా సమాన పొడవుగల ఉక్కు గొట్టాలను అమరుస్తారు. వీటిని హెడర్లు అంటారు. ఇందులోని సూత్రం ఏమనగా, గొట్టంలో పోయే పీడన తరంగం గొట్టాలు కలిసే చోటికి చేరగానే, అల్పపీడన తరంగంగా మారి వెనుకకు వస్తుంది. అది సరియైన సమయానికి వాల్వు వద్దకు చేరినచో సిలిండరులో మిగిలిన పొగను బయటకు లాగి, కొత్త మిశ్రమం లోపలికి వచ్చుటకు తోడ్పడుతుంది.

ఉదాహరణకు గొట్టం పొడవు ఒక మీటరు, వేడి వాయువులో శబ్దవేగం సెకనుకు 550 మీటర్లు అనుకొనిన, తరంగం పోయి వచ్చుటకు సెకనులో వెయ్యింట 3.6 వంతుల సమయం పడుతుంది. ఈ వ్యవధిలో నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజను 131 డిగ్రీలు, 3,000 చుట్లు తిరిగే ఇంజను 65 డిగ్రీలు తిరుగుతుంది. అనగా ఒక పొడవు ఒక వేగానికి మాత్రమే సరిపోతుంది. పందెపు కారుకు మేలు చేసే గొట్టం, నగరంలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిచే కారుకు నష్టమే చేయవచ్చును.

వి-8 ఇంజనులో రెండు వరుసల సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్క వరుసలో పేలుళ్ళు సమాన వ్యవధిలో జరుగవు. మజిల్ కార్లకు ప్రసిద్ధమైన గలగలమనే ధ్వనికి ఇదియే కారణం. రెండు వైపుల గొట్టాలను హెచ్ ఆకారంలోనో, ఎక్స్ ఆకారంలోనో కలిపి పీడనాన్ని సమానం చేస్తారు. నాలుగు సిలిండర్ల చిన్న కారుకు ఎంత పెద్ద గొట్టం బిగించినను ఆ ధ్వని రాదు.

శబ్దమే శక్తి అనే అపోహ

సైలెన్సరును తీసివేయగానే బండి వేగం పెరుగుతుందనే నమ్మకం సర్వత్రా కలదు. చెవికి శబ్దం పెరిగినట్లు తెలుస్తుంది కనుక వేగం కూడ పెరిగినదని మనసుకు తోస్తుంది. వాస్తవం ఇందుకు భిన్నం.

రెండు స్ట్రోకుల ఇంజనులో ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 100 వంటి బండిలో పొగగొట్టం ముందుభాగం క్రమంగా వెడల్పై, మరల సన్నబడుతుంది. ఈ ఉబ్బెత్తు ఆకారం ఇంజనులో ఒక భాగం వంటిది. సన్నబడే చోట తగిలి వెనుకకు మరలిన తరంగం, సిలిండరు నుండి బయటకు పోబోయే కొత్త మిశ్రమాన్ని తిరిగి లోనికి నెడుతుంది. ఆ గొట్టాన్ని కోసివేసినచో ఇంధనం వృథాగా బయటకు పోయి, శక్తి తగ్గిపోతుంది.

నాలుగు స్ట్రోకుల బండిలో నష్టం ఇంత తీవ్రం కాకపోయినను, లాభం మాత్రం స్వల్పమే. పొగ సులువుగా పోయినంత మాత్రాన సరిపోదు. అందుకు తగినట్లు గాలి, ఇంధనం పాళ్ళు మారవలెను. ఆ సవరణ జరుగని బండిలో మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కవచ్చును, వేగం తగ్గించునపుడు గొట్టంలో టపాసు వలె పేలుళ్ళు వినిపించవచ్చును. ఈ పేలుడును గొప్పగా భావించేవారు ఉన్నారు గాని, అది సిలిండరులో మండవలసిన ఇంధనం గొట్టంలో మండుటయే.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్ కొలమానం గూడ తరచు అపార్థానికి గురి అవుతుంది. 3 డెసిబెల్‌లు పెరిగినచో శబ్దశక్తి రెట్టింపు అయినట్లు. 10 డెసిబెల్‌లు పెరిగినచో పదిరెట్లు అయినట్లు. చెవికి మాత్రం ఈ పదిరెట్లు సుమారు రెండింతలుగా తోస్తుంది. 80 డెసిబెల్‌ల బండి 100 డెసిబెల్‌లకు పెరిగినదనగా, శబ్దశక్తి నూరు రెట్లు పెరిగినదని అర్థం.

ఇంజను మౌంటింగులు

ఇంజనును చట్రానికి పట్టి ఉంచే ఆధారాలనే మౌంటింగులు అంటారు. సాధారణంగా రెండు ఇనుప పలకల నడుమ రబ్బరును అతికించి వీటిని తయారుచేస్తారు. కొన్ని కార్లలో రబ్బరు లోపల ద్రవం నింపిన మౌంటింగులు ఉంటాయి. మౌంటింగు చేయవలసిన పనులు రెండు, అవి పరస్పర విరుద్ధమైనవి. ఇంజను అదురు లోపలివారికి తెలియకుండుటకు రబ్బరు మెత్తగా ఉండవలెను. ఇంజను కదలకుండుటకు అది గట్టిగా ఉండవలెను.

ఇంజను చక్రాలను ఒక దిశలో త్రిప్పునపుడు, తాను వ్యతిరేక దిశలో తిరుగుటకు ప్రయత్నిస్తుంది. ఉదాహరణకు 500 న్యూటన్ మీటర్ల టార్కుగల ఇంజను, 3 నిష్పత్తిగల మొదటి గేరులో 1,500 న్యూటన్ మీటర్ల బలంతో వెనుక ఇరుసుకు పోయే షాఫ్టును త్రిప్పుతుంది. ఇరువైపుల మౌంటింగుల మధ్య దూరం అర మీటరు అయినచో, ఒక మౌంటింగును 3,000 న్యూటన్ల బలంతో పైకి లాగుతుంది, రెండవదానిని అంతే బలంతో క్రిందికి నొక్కుతుంది. ఇది సుమారు 300 కిలోల బరువుకు సమానం.

చిన్న కార్లకు ఈ బాధ లేదనుకొనుట పొరపాటు. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజను, గేరుబాక్సు, చివరి పళ్ళచక్రాలు ఒకే దిమ్మగా ఉంటాయి. 100 న్యూటన్ మీటర్ల ఇంజను, మొదటి గేరు నిష్పత్తి 3.5, చివరి నిష్పత్తి 4 అయినచో, మౌంటింగులు భరించవలసినది 1,400 న్యూటన్ మీటర్లు. ఇది పై ఉదాహరణలోని పెద్ద కారుకు దాదాపు సమానమే.

పనితీరు కోరేవారు మెత్తని రబ్బరుకు బదులు పాలీయురేథేను, లేదా పూర్తిగా అల్యూమినియం దిమ్మలను అమరుస్తారు. ఇందువలన గేరు మార్చునపుడు ఇంజను ఊగదు, యాక్సిలరేటరుకు స్పందన వెంటనే కలుగుతుంది. కాని అదురు అంతా చట్రానికి, స్టీరింగుకు, సీట్లకు చేరుతుంది. నట్లు వదులగుట, వెల్డింగులు పగులుట దీని పర్యవసానాలు. ఒక మౌంటింగును మాత్రమే గట్టిదానితో మార్చినచో, బరువంతా దానిపైననే పడి అది బిగించిన చోటు విరిగే ప్రమాదం కలదు.

పాత పోత ఇనుము ఇంజను బుల్లెట్టులో రబ్బరు మౌంటింగులు లేవు. ఇంజనును ఉక్కు పలకలతో నేరుగా చట్రానికి బిగిస్తారు. ఆ బండ్ల అదురుకు ఇది ఒక ముఖ్య కారణం. ఈ పలకల బోల్టులను అప్పుడప్పుడు బిగించుకొనుట పాత బుల్లెట్టు యజమానులకు అలవాటైన పని.

షెవ్రొలే కార్ల ఉదంతం

మౌంటింగు ఎంత కీలకమైనదో 1971 నాటి సంఘటన తెలియజేస్తుంది. జనరల్ మోటార్స్ కంపెనీ 1960 దశకం రెండవ భాగంలో తయారుచేసిన షెవ్రొలే వాహనాలలో రబ్బరు ఇనుప పలకనుండి ఊడిపోయేది. అట్లు ఊడినపుడు డ్రైవరు వేగం పెంచగానే ఇంజను ఒకవైపు పైకి లేచి, యాక్సిలరేటరు లింకును లాగివేసేది. దాంతో డ్రైవరు కాలు తీసినను కారు వేగం తగ్గేది కాదు. 1971 డిసెంబరులో కంపెనీ సుమారు 67 లక్షల వాహనాలను వెనుకకు పిలిపించినది. మౌంటింగులను మార్చుటకు బదులు, ఇంజను పైకి లేవకుండా ఒక ఇనుప తీగను బిగించి ఇచ్చినది. అప్పటివరకు జరిగిన వాహన ఉపసంహరణలలో ఇది మిక్కిలి పెద్దవానిలో ఒకటి.

రెండింటి మధ్య సంబంధం

సైలెన్సరు, మౌంటింగు వేరువేరు భాగాలుగా కనిపించినను ఒకదాని మార్పు రెండవదానిపై ప్రభావం చూపుతుంది.

* పొగగొట్టం ఒక కొన ఇంజనుకు, మరొక కొన కారు అడుగు భాగానికి తగిలించి ఉంటుంది. ఇంజను ఊగిన కొలది గొట్టం వంగవలెను. ఇందుకొరకు నడుమ జాలీ తొడుగుగల మెత్తని ముక్క ఉంటుంది. మార్పులో దానిని తీసివేసి నిలువు గొట్టం వెల్డింగు చేసినచో, కొంతకాలానికి మానిఫోల్డు వద్ద పగులు వస్తుంది.
* హెడర్ల పలుచని ఉక్కు, పోత ఇనుము కంటె అధికంగా వేడిని వెలువరిస్తుంది. దగ్గరలో ఉన్న మౌంటింగు రబ్బరు ఆ వేడికి గట్టిపడి పగులుతుంది. కంపెనీ అమర్చిన రేకు కవచాన్ని తీసివేయరాదు.
* ఇంజను ఊగునపుడు హెడరు గొట్టం స్టీరింగు షాఫ్టుకు, బ్రేకు గొట్టానికి తగులకుండా ఖాళీ ఉండవలెను. అమెరికా కార్లకు చేసిన హెడర్లు, స్టీరింగు కుడివైపున ఉండే మన కార్లకు నేరుగా అమరకపోవుటకు ఇదియే కారణం.
* కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం పొగగొట్టం, ఇంధనపు గొట్టం మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల దూరం ఉండవలెను. అగ్ని ప్రమాదాల నివారణకు ఈ నియమం ఏర్పడినది.

పగిలిన గొట్టం నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. కారు అద్దాలు మూసి ఏసీ వేసుకొనినపుడు అది లోనికి చేరినచో ప్రాణాపాయం. శబ్దం హఠాత్తుగా పెరిగిన కారులో ప్రయాణికులకు తలనొప్పి, మగత కలిగినచో వెంటనే బండిని ఆపి దిగవలెను.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం

మేడ్చల్ పట్టణం 44వ నంబరు జాతీయ రహదారిపై, సికింద్రాబాదు - నిజామాబాదు రైలుమార్గంలో ఉన్నది. శామీర్‌పేట, కరీంనగరు వైపు పోవు రాజీవ్ రహదారిపై ఉన్నది. ఈ రెండు దారులను 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి కలుపుతున్నది. మేడ్చల్, శామీర్‌పేటల వద్ద దీనికి 6, 7 నంబర్ల కూడళ్ళు ఉన్నవి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఈ ప్రాంతం చేరినది. ఈ జిల్లా వాహనాలకు రిజిస్ట్రేషను సంఖ్య 08.

బాహ్యవలయ రహదారిపై మోటారు సైకిళ్ళకు ప్రవేశం లేదు. కార్లకు గరిష్ఠ వేగ పరిమితిని 2023లో గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచినారు. దీని ప్రక్కన ఉండే సర్వీసు రోడ్లు, రాజీవ్ రహదారి మాత్రం గ్రామాల నడుమనుండి పోతాయి. శామీర్‌పేట చెరువు, జవహర్ జింకల పార్కు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగరులోని బిట్స్ పిలానీ ప్రాంగణం, తుర్కపల్లి వద్ద జీనోం వ్యాలీ ఈ పరిసరాలలోనివే. విద్యార్థులు, ఉద్యోగులు, వారాంతపు సందర్శకులు, పొలం పనులకు పోయే ట్రాక్టర్లు ఒకే దారిని పంచుకొనే చోట, ఇంజను సత్తా చూపుటకు ఎవరు ప్రయత్నించినను అపాయం ఇతరులకు గూడ కలుగుతుంది.

మార్పులకు కావలసిన సరుకు, పనితనం నగరంలో లభిస్తాయి. కోఠీ సమీపంలోని పుత్లీబౌలి మోటారు సైకిళ్ళ విడిభాగాలకు, రాణీగంజ్ యంత్ర సామగ్రికి, బాలానగరు లేతు మిషను పనులకు పేరు పొందినవి. ఈ పనివారి నైపుణ్యం తక్కువైనది కాదు. అరిగిపోయిన మౌంటింగు స్థానంలో కొత్తది వేయుట, తుప్పు పట్టిన గొట్టాన్ని పాత కొలతలకే తిరిగి చేయుట నిత్యం జరిగే న్యాయమైన పనులు. చట్టం అడ్డుచెప్పేది మరమ్మతుకు కాదు, మార్పుకు.

చట్టం

* మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షను: తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. గ్యాసు వంటి వేరొక ఇంధనానికి మార్చుకొనుటకు నిబంధనల మేరకు అనుమతి కలదు.
* 182ఏ సెక్షను, 4వ ఉపసెక్షను: 2019 సవరణతో వచ్చినది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసాల వరకు ఖైదు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.
* 190వ సెక్షను, 2వ ఉపసెక్షను: శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి నడిపినచో మొదటిసారి మూడు మాసాల వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సుపై మూడు మాసాల అనర్హత కూడ కలదు.
* 189వ సెక్షను: రోడ్డుపై పందేలు వేయుటకు శిక్ష.
* కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989, 120వ నియమం: ప్రతి వాహనానికి సైలెన్సరు తప్పనిసరి.

పైన తెలిపినవి కేంద్ర చట్టంలోని శిక్షలు. అక్కడికక్కడ చెల్లించే రాజీ రుసుమును రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో, తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు విరుద్ధమైన మార్పు చెల్లదని తీర్పు చెప్పినది.

కొత్త వాహనం తయారీ దశలో పాటించవలసిన శబ్ద పరిమితులు 2005 నుండి ఈ విధంగా ఉన్నవి: 80 సీసీ వరకు మోటారు సైకిళ్ళకు 75 డెసిబెల్‌లు, 80 నుండి 175 సీసీ వరకు 77, 175 సీసీ పైన 80, ప్రయాణికుల కార్లకు 74. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్‌లు పరిమితి. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాల చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలాలలో పగలు 50, రాత్రి 40.

పెట్రోలు బంకుల వద్ద ఇచ్చే కాలుష్య తనిఖీ పత్రం పొగకు సంబంధించినది మాత్రమే. అందులో శబ్దాన్ని కొలవరు. కావున ఆ పత్రం ఉన్నంత మాత్రాన సైలెన్సరు చట్టబద్ధమని భావించరాదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్-6 వాహనాలలో కెటాలిటిక్ కన్వర్టరును తొలగించుట మరింత తీవ్రమైన ఉల్లంఘన. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో పోలీసులు మార్పు చేసిన సైలెన్సర్లను జప్తు చేసి, బహిరంగంగా రోడ్డు రోలరుతో నుజ్జుచేసిన సందర్భాలు 2020 దశకంలో ఉన్నవి.

చట్టబద్ధమైన మార్గాలు

మోటారు పందేలపై ఆసక్తి గలవారికి దేశంలో ప్రత్యేక ట్రాకులు ఉన్నవి. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి మోటారు స్పీడ్‌వే, ఢిల్లీ సమీపంలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ సర్క్యూటు వీటిలో ముఖ్యమైనవి. పందెపు వాహనాలకు ఏ మార్పులు చెల్లునో ఆ పోటీల నియమాలే నిర్ణయిస్తాయి. అటువంటి వాహనాన్ని ట్రాకు వరకు వేరొక వాహనంపై ఎక్కించి తీసికొనిపోతారు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగినది. ఇది పూర్తిగా విద్యుత్ కార్ల పందెం. ఆ కార్లకు పొగగొట్టం లేదు, సైలెన్సరు లేదు. మౌంటింగులు మాత్రం వాటికిని తప్పవు; మోటారు త్రిప్పే బలాన్ని చట్రానికి అందించుటకు ఏదో ఒక ఆధారం కావలసినదే.

వాహనదారులు గమనించవలసిన విషయాలు

* క్లచ్చి వదలినపుడు ఢబ్బుమని శబ్దం వచ్చినను, ఆగి ఉన్నపుడు గేరు రాడ్డు అధికంగా అదిరినను మౌంటింగులను చూపించవలెను.
* మౌంటింగులు మార్చునపుడు కంపెనీ నిర్దేశించిన రకాన్నే వేయించవలెను. ఒకటి పాడైనచో మిగిలినవానిని కూడ పరీక్షించవలెను.
* పాత వాహనం కొనునపుడు సైలెన్సరు అసలుదో కాదో చూచుకొనవలెను. వాహనం చేతులు మారిన తరువాత జరిమానా కొత్త యజమానిపైననే పడుతుంది.
* కంపెనీ సైలెన్సరును అమ్మివేయరాదు. దానిని తిరిగి కొనుటకు అయ్యే ఖర్చు తరచుగా ఎక్కువ.
* అనుమతి లేని మార్పులు ప్రమాద సమయంలో బీమా పరిహారానికి అడ్డంకి కావచ్చును.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* శబ్ద కాలుష్యం
* మేడ్చల్
* శామీర్‌పేట
* బాహ్యవలయ రహదారి, హైదరాబాదు